కోలారు గనుల్లో రష్యా పేర్ల ఆడపిల్లలు

కోలారు బంగారు గనుల్లో పేర్లు పెట్టే అధికారం చాలాకాలం కంపెనీదే. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ వాళ్లు గనుల బాధ్యత తీసుకున్న తర్వాత, ఒకప్పటి రాళ్లనేల మీద రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట అని దొరల పేర్లతో ఊళ్లు లేచాయి. మనుషులు దిగే షాఫ్టులకు గిఫోర్డ్ షాఫ్టు, ఎడ్గర్ షాఫ్టు అన్నారు. చిత్తూరు వైపు నుంచి వచ్చిన మన తెలుగువాళ్లు, ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన తమిళులు మాత్రం కంపెనీ పుస్తకాల్లో గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాయబడ్డారు. మునెప్ప మునియప్ప అయ్యాడు, యల్లప్ప ఎల్లప్పన్ అయ్యాడు. అడిగే ధైర్యం ఎవరికుంది? 1930లో కార్మికులందరి వేలిముద్రలు తీసుకుని నమోదు చేయాలని కంపెనీ పూనుకున్నప్పుడు మాత్రం వేలమంది దాదాపు మూడు వారాలు గని దిగకుండా కూర్చున్నారు. తనను తాను ఏమని చెప్పుకోవాలి, తనను ఎవరు గుర్తించాలి అన్న పట్టింపు ఆ నేలలో అప్పటికే ఉందన్నమాట.

అలాంటి చోట, ఒక తరం తండ్రులు తమ ఆడపిల్లలకు స్వెత్లానా, వాలెంటీనా, నతాషా, జోయా, తాన్యా, నాద్యా అని పేర్లు పెట్టుకున్నారు. రాబర్ట్‌సన్‌పేటలో పెరిగిన నాకు ఈ పేర్లు ఏనాడూ వింతగా తోచలేదు. బడిలో హాజరు పట్టీ పిలిచేటప్పుడు లక్ష్మి, మేరీ, ఫాతిమాల మధ్య ఒక వాలెంటీనా పలికేది. అది ఏ దేశపు పేరో తెలుసుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు. గనులు వదిలి బయటి ఊళ్లకు వెళ్లాకే, ఈ పేర్లు విన్నవాళ్లు ముఖం అదోలా పెట్టి చూడటం గమనించాను.

మగపిల్లలకు లెనిన్, స్టాలిన్, గోర్కీ అని పెట్టుకున్న సంగతి అందరికీ తెలుసు. 1953 మార్చి 1న పుట్టిన తన కొడుక్కి, అదే నెల 5న చనిపోయిన సోవియట్ నాయకుడి పేరును కరుణానిధి పెట్టిన కథ తమిళనాట చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఆంధ్రలో కృష్ణా, గుంటూరు జిల్లాల్లోనూ ఇలాంటి పేర్లకు కొదవ లేదు. కాని ఆడపిల్లల పేర్ల కథ వేరు. అవి నాయకుల పేర్లు కావు. నవలల్లోంచి, పత్రికల్లోంచి, ఒక్కోసారి ఆకాశంలోంచి దిగివచ్చిన పేర్లు. వాటి అర్థాలు, అవి వచ్చిన దారి, వాటిని మోసిన ఆడవాళ్లకు అవి తెచ్చిపెట్టిన మంచీ చెడూ నాలుగు మాటల్లో చెబుదామని ఈ ప్రయత్నం.

ముందు రాజకీయం. 1940ల్లో కమ్యూనిస్టులు గని కార్మికుల్లో సంఘం కట్టారు. 1946లో పెద్ద సమ్మె జరిగింది. ఆ ఏడు నవంబరులో పోలీసు కాల్పుల్లో కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952 ఎన్నికల్లో కె.ఎస్. వాసన్, 1957లో ఎం.సి. నరసింహన్ కమ్యూనిస్టు పార్టీ తరఫున ఇక్కడి నుంచి మైసూరు శాసనసభకు వెళ్లారు. చాలా ఏళ్ల తర్వాత 1985లో మార్క్సిస్టు పార్టీ నుంచి టి.ఎస్. మణి గెలిచారు. గనులకు దూరంగా, ఆంధ్ర సరిహద్దున ఎక్కువగా తెలుగు మాట్లాడే బాగేపల్లి తాలూకాలో కూడా ఎర్రజెండా నిలబడింది. ఆ తాలూకా 2007 దాకా కోలారు జిల్లాలోదే, ఆ తర్వాత చిక్కబళ్లాపురంలో చేరింది. అక్కడి నుంచి జి.వి. శ్రీరామరెడ్డి 1994లోనూ 2004లోనూ గెలిచారు. ఇక తమిళుల వైపు నుంచి ఆత్మగౌరవ ఉద్యమం గాలి ఉండనే ఉంది. పెరియార్ 1932లో సోవియట్ దేశం చూసి వచ్చాక, పేరు పెట్టమని తెచ్చిన పసివాళ్లకు రష్యా, మాస్కో అని కూడా పెట్టారు. కాబట్టి మన లైన్లలో, అంటే కంపెనీ కట్టిన ఆ వరస ఇళ్లలో, రష్యా అన్న మాట రెండు దారుల్లో వచ్చి చేరింది.

అయితే పార్టీ జెండా ఒక్కటే ఇంటింటికీ నతాషాలను తీసుకురాలేదు. ఆ పని పుస్తకం చేసింది. గోర్కీ నవలను క్రొవ్విడి లింగరాజు ‘అమ్మ’గా తెలుగులోకి తెచ్చారు. అందులో నతాషా ఉంది, సాషా ఉంది, సోఫియా ఉంది. తర్వాత మాస్కో నుంచే నేరుగా తెలుగు పుస్తకాలు అచ్చయి రావడం మొదలైంది. ఉప్పల లక్ష్మణరావు, రాళ్లబండి వెంకటేశ్వరరావు వంటివారు అక్కడే ఉండి అనువాదాలు చేశారు. విజయవాడలో విశాలాంధ్ర, మద్రాసులో న్యూ సెంచురీ బుక్ హౌస్, బెంగళూరులో నవకర్ణాటక ఆ పుస్తకాలను చవగ్గా అమ్మాయి. గట్టి అట్ట, తెల్లని కాగితం, రంగుల బొమ్మలు. ఒక పూట కాఫీ డబ్బులు మిగిల్చుకుంటే ఒక పుస్తకం వచ్చేది. చదవనేర్చిన ఒక కార్మికుడు చదివితే, వినేవాళ్లు పదిమంది.

ఆ పేరు ఏ దారిన వచ్చిందో తెలుసుకోవడానికి ఒక చిన్న గుర్తు చెబుతాను. రష్యన్‌లో మన ‘ట’ లేదు, ఉన్నది ‘త’. అందుకే మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాల్లో నతాషా, తత్యానా, స్వెత్లానా అని ఉంటుంది. ఇంగ్లీషు పేపరు చూసి పెట్టినవాళ్లు నటాషా, టాటియానా, స్వెట్లానా అని రాశారు. కాబట్టి పాత బడి రికార్డులో ఒక ఆడపిల్ల పేరు ‘త’తో ఉంటే ఆ తండ్రి తెలుగు పుస్తకం చదివినవాడనీ, ‘ట’తో ఉంటే పేపరో రేడియోనో దారి చూపిందనీ చాలావరకు ఊహించవచ్చు. అయితే కన్నడంలో రాసే గుమాస్తా తన ఇష్టం వచ్చినట్టు మార్చిన సందర్భాలు లేకపోలేదు.

ఇంతకీ రష్యాలోనే ఈ పేర్లన్నీ రష్యావి కావు. అక్కడి చర్చిలో సాధుసంతుల పేర్ల పట్టిక ఒకటి ఉండేది. బిడ్డకు జ్ఞానస్నానం చేయించేటప్పుడు పూజారి అందులోంచే పేరు పెట్టేవాడు. ఆ పట్టికలో ఎక్కువ భాగం గ్రీకు, లాటిన్, హీబ్రూ పేర్లు. 1917 విప్లవం తర్వాత జననాల నమోదు చర్చి చేతిలోంచి ప్రభుత్వానికి వచ్చింది, పేరు తల్లిదండ్రుల ఇష్టమైంది. ఆ ఉత్సాహంలో కొందరు అక్టోబరు విప్లవం గుర్తుగా ‘ఒక్త్యాబ్రినా’ అన్నారు. వ్లదీమిర్ లెనిన్ రెండు మాటలనూ కలిపి ‘వ్లద్‌లేనా’ అన్నారు. లెనిన్‌ను తిరగేసి ‘నినేల్’ అన్నారు. మన గనుల్లోని తండ్రులు ఈ కొత్త పేర్ల జోలికి పెద్దగా పోలేదు. వాళ్లకు నచ్చినవి ఆ పాత పేర్లే. విప్లవం కోసం వెతుక్కుంటూ వెళ్లి, తెలియకుండా చర్చి పట్టికలోని పేర్లే తెచ్చుకున్నారు!

ఒక్క స్వెత్లానా మాత్రం ఆ పట్టికలో లేనిది. 19వ శతాబ్దం మొదట్లో కవులు కల్పించిన పేరది. 1813లో వచ్చిన జుకోవ్‌స్కీ గేయకథతో అది ఇంటింటికీ తెలిసింది. అయినా పూజారులు ఒప్పుకోక, ఆ పేరు కావాలన్నవాళ్లకు గ్రీకులో అదే అర్థం వచ్చే ఫొటీనియా అని జ్ఞానస్నానం చేయించేవారు. ‘స్వెత్’ అంటే వెలుగు. మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న ‘శ్వేత’ శబ్దానికి అది సొంత చెల్లెలు. బెంగళూరు దగ్గర తాతగుణి తోటలో చాలా ఏళ్లు ఉండి 1993లో కన్నుమూసిన చిత్రకారుడు స్వెతొస్లావ్ రోరిక్ పేరు విన్నా నాకు ఈ మాటే గుర్తొస్తుంది. ఆయన భార్య దేవికారాణి పుట్టింది మన వాల్తేరులోనే.

స్టాలిన్ తన కూతురికి పెట్టుకున్న పేరు స్వెత్లానా. ఆమె 1966 డిసెంబరులో, మాస్కోలో చనిపోయిన బ్రజేశ్ సింగ్ అస్థికలు తీసుకుని మన దేశానికి వచ్చింది. 1967 మార్చి 6న ఢిల్లీలో అమెరికా రాయబార కార్యాలయం మెట్లెక్కి ఆశ్రయం అడిగింది. ఆ వార్త వచ్చిననాడు మన లైన్లలోని చిన్నారి స్వెత్లానాల తండ్రులకు ఎలా ఉండి ఉంటుంది! పేరు మారుస్తావా అని ఒక పెద్దాయనను తోటివాళ్లు ఎగతాళి చేస్తే, “నేను ఆయన కూతురి పేరు పెట్టలేదు, నా కూతురికి పేరు పెట్టుకున్నా” అన్నాడట. మా ఇంట్లో పెద్దవాళ్లు చెప్పుకునే మాట ఇది. మూడు కిలోమీటర్ల లోతున చీకట్లో పనిచేసి వచ్చే మనిషి ఇంటికి రాగానే కూతురిని ‘వెలుగూ’ అని పిలుస్తున్నాడు. ఆ అర్థం ఆయనకు తెలిసి ఉండకపోవచ్చు. తెలియకపోయినా పిలుపు పిలుపే.

ఇక వాలెంటీనా. లాటిన్‌లో ‘వాలెన్స్’ అంటే బలం, ఆరోగ్యం కలిగినది. రసాయన శాస్త్రంలో మనం చదువుకున్న ‘వేలెన్సీ’ కూడా ఆ మూలం నుంచి వచ్చిందే. 1963 జూన్ 16న వాలెంటీనా తెరెష్కోవా వొస్తోక్-6 నౌకలో ఒంటరిగా అంతరిక్షానికి వెళ్లి, 48 సార్లు భూమిని చుట్టి, 19న తిరిగివచ్చింది. అలా వెళ్లిన మొదటి స్త్రీ ఆమె. అదే ఏడు నవంబరులో మన దేశానికీ వచ్చింది. కాని గని కార్మికుణ్ణి కదిలించింది అంతరిక్షం ఒక్కటే కాదనుకుంటాను. ఆమె తండ్రి ట్రాక్టరు డ్రైవరు, ఫిన్లాండు యుద్ధంలో చనిపోయాడు. తల్లి బట్టల మిల్లు కార్మికురాలు. వాలెంటీనా కూడా మిల్లులో పనిచేస్తూనే చదువుకుంది. ఆ కథలో రాజులు లేరు, జమీందార్లు లేరు. లైన్లలో ఉండే ఏ ఇంటి కథైనా అక్కడిదాకా అలాగే ఉంటుంది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. అదే కాలంలో మన దేశంలో 1952 నాటి గనుల చట్టం 46వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లు భూగర్భ గనిలో పనికి దిగకూడదు. ఆకాశానికి వెళ్లిన ఆడమనిషి పేరు పెట్టుకున్న పిల్లకు, తండ్రి పనిచేసే చోటు చూసే వీలు కూడా లేదు. ఆ నిషేధం రక్షణ కోసం వచ్చిందే, కాదనను. రాళ్లు పేలి, ఊపిరితిత్తుల్లో ధూళి చేరి మగవాళ్లే రాలిపోయిన చోటది. కేంద్ర ప్రభుత్వం 2019 జనవరిలో కొన్ని షరతులతో ఆ ఆంక్ష సడలించేనాటికి మన గనులు మూతపడి పద్దెనిమిదేళ్లయింది. ఇంతకీ ఆ వాలెంటీనాలు టీచర్లయ్యారు, నర్సులయ్యారు, తెల్లవారుజామున మారికుప్పంలో రైలెక్కి బెంగళూరులో పనిచేసి రాత్రికి ఇల్లు చేరారు. అదీ చిన్న ప్రయాణమేమీ కాదు.

జోయా పేరు యుద్ధంలోంచి వచ్చింది. జోయా కొస్మొదెమ్యాన్‌స్కయా పద్దెనిమిదేళ్ల పిల్ల. జర్మన్ సైన్యం వెనక గెరిల్లాగా పనిచేస్తూ పట్టుబడితే 1941 నవంబరు 29న పెత్రీష్చెవో గ్రామంలో ఉరితీశారు. ఎన్ని హింసలు పెట్టినా అసలు పేరు చెప్పలేదు, తాన్యా అని మాత్రం చెప్పింది. 1942 జనవరిలో ‘ప్రావ్దా’ పత్రిక ఆమె కథను ఆ తాన్యా పేరుతోనే అచ్చువేసింది. జోయా అంటే గ్రీకులో బతుకు. మన ‘జీవ’ శబ్దం, ఆ ‘జోయే’ ఒకే మూలానివి. చావును లెక్కచేయని పిల్లకు బతుకు అని పేరు. తాన్యా అంటే తత్యానాకు ముద్దుపేరు. పాత రోమన్ల తాతియస్ అన్న పేరు నుంచి వచ్చింది. కాబట్టి జోయా, తాన్యా అని పెట్టుకున్న అక్కచెల్లెళ్లు ఉంటే, వాళ్లిద్దరివీ ఒకే మనిషి పేర్లని గుర్తుంచుకోవాలి.

నతాషా కూడా ముద్దుపేరే. అసలు పేరు నతాల్యా. లాటిన్‌లో పుట్టుకకు సంబంధించిన మాట, క్రీస్తు పుట్టిన రోజును తలచుకుంటూ ఏర్పడింది. మన ‘జాత’, ‘జన్మ’ అన్న మాటలకూ దానికీ చుట్టరికం ఉంది. టాల్‌స్టాయ్ నవల ‘యుద్ధము-శాంతి’లోని నతాషా రొస్తోవా వల్ల ఆ పేరు ప్రపంచమంతా తిరిగింది. నాస్తికుడైన ఒక సంఘం కార్యకర్త గోర్కీని తలచుకుంటూ కూతురికి నతాషా అని పెడితే, పక్కింటి క్రైస్తవ కుటుంబం క్రిస్మస్‌ను తలచుకుంటూ నటాలియా అని పెట్టింది. ఇద్దరిదీ ఒకే పేరు. ఆ సంగతి ఇద్దరికీ తెలియదు.

రష్యన్‌లో విశ్వాసం, ఆశ, ప్రేమ అన్న మూడు మాటలే మూడు ఆడపిల్లల పేర్లు: వేరా, నదేజ్దా, ల్యుబోవ్. ముగ్గురూ సోఫియా అనే తల్లి కూతుళ్లనీ, మతం కోసం ప్రాణాలిచ్చారనీ చర్చి కథ. సోఫియా అంటే జ్ఞానం, దాని ముద్దుపేరు సోన్యా. వేరా అన్న పేరు మన తెలుగువాళ్లలో నిలబడలేదు. “వేరా? ఎవరితో వేరు పడ్డావమ్మా?” అని అడిగేవాళ్ల నోళ్లు ఎవరు మూయించగలరు! ల్యుబోవ్‌కు మన ‘లోభం’ తోడబుట్టినది. అక్కడ ప్రేమ అయింది, ఇక్కడ పిసినారితనం అయింది. నదేజ్దా మాత్రం నాకు అన్నిటికంటే ఇష్టమైన పేరు. లెనిన్ భార్య క్రూప్‌స్కయా పేరు అది. దాని ముద్దుపేరు నాద్యా. మనవాళ్లు నదియా అని, అందులో నదిని చూసుకుని సంతోషపడ్డారు. అసలు ఆ మాట లోపల ఉన్న ధాతువుకు ‘పెట్టడం, ఉంచడం’ అని అర్థం. సంస్కృతంలోని ‘ధా’ ధాతువు, మన ‘నిధి’ అదే కుటుంబం. తెలుగులో మనం ఏమంటాం? “నీమీదే ఆశ పెట్టుకున్నాం తల్లీ” అంటాం. అక్కడా పెట్టుకోవడమే, ఇక్కడా పెట్టుకోవడమే.

ఇన్ని చుట్టరికాలు చెప్పానని తెలుగూ రష్యనూ ఒకే కుటుంబం అనుకోకూడదు. తెలుగు ద్రావిడ భాష. ఈ పోలికలన్నీ మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటల ద్వారా వచ్చినవే.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. ఇరీనా అంటే గ్రీకులో శాంతి, మన ఇళ్లలోని శాంతమ్మే. గలీనా అంటే అలల్లేని ప్రశాంత సముద్రం. ల్యుద్మీలా అచ్చమైన స్లావు పేరు, ప్రజలకు ప్రియమైనది అని అర్థం. తమారా హీబ్రూ మాట, ఖర్జూరపు చెట్టు. అది తెలుగు నోట తామర కావడం సహజమే, ఆ పిల్లను బడిలో తోటివాళ్లు చర్మవ్యాధి పేరుతో ఏడిపించడం కూడా అంతే సహజం. ఓల్గా ఉత్తర యూరప్ నుంచి వచ్చిన పేరు, పవిత్రమైనది అని అర్థం. దీనితో మన తెలుగు చేసిన చమత్కారం ఒకటుంది. వోటు మన నోట్లో ఓటు అయినట్టు, వోల్గా నది కూడా ఓల్గా అయిపోతుంది. నదీ, మనిషీ తెలుగు లిపిలో ఒక్కటే. పోపూరి లలితకుమారి ఆ పేరుతోనే రాశారు. ఇంగ్లీషులో వి అక్షరంతో, తెలుగులో ‘ఓ’తో. 1987లో ‘స్వేచ్ఛ’ నవల తెచ్చి, ‘విముక్త’ కథలకు 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఆ రచయిత్రి వల్ల, ఓల్గా అంటే ఇవాళ ఎవరూ అది పరాయి పేరనుకోరు. ఒక పేరు తెలుగుదైపోవడం అంటే అదే.

రష్యన్ల పేరులో మధ్యన తండ్రి పేరు ఉంటుంది. వాలెంటీనా వ్లదీమిరొవ్నా తెరెష్కోవా అంటే, తెరెష్కోవ్‌ల ఇంటి వ్లదీమిర్ కూతురు వాలెంటీనా. ఆంధ్రలో ఇంటిపేరు ముందు వస్తుంది. మన గనుల్లో తమిళుల అలవాటు పట్టి తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనీషియల్ అయింది. కాని పెళ్లవగానే ఆ అక్షరం పోయి మొగుడి అక్షరం వచ్చి కూర్చుంటుంది. రష్యాలో ఆడదానికి పెళ్లితో ఇంటిపేరు మారినా తండ్రి పేరు మారదు. ఈ సంగతి మన తండ్రులకు తెలిసి ఉంటే ఎంత సంతోషించేవారో.

అసలు ప్రశ్న ఇది. ఎందుకు రష్యా పేర్లే? పార్టీ అభిమానం ఒక్కటే జవాబు కాదు. గని కార్మికుల్లో అత్యధికులు దళితులు. ఊళ్లలో వాళ్లకు పెట్టనిచ్చిన పేర్లు వేరు. పేరు వినగానే కులం తెలిసిపోయేది, కులం తెలియగానే నిలబడవలసిన దూరం తెలిసేది. మునెమ్మ, యల్లమ్మ మంచి పేర్లే, నాకు ఇష్టమైన పేర్లే. కాని వాటిని పిలిచే గొంతుల్లో మర్యాద ఉండేది కాదు. లక్ష్మి, సరస్వతి అని పెట్టుకుంటే, వీళ్లకెందుకీ పేర్లు అనేవాళ్లుండేవారు. వాలెంటీనా అంటే ఎవరూ ఏ కులమో చెప్పలేరు. ఏ దేవుడో చెప్పలేరు. ఇంకొకటి, ఆ పేరు తమిళం కాదు, తెలుగు కాదు, కన్నడం కాదు. ఒకే షిఫ్టులో నాలుగు భాషలవాళ్లు కలిసి దిగే చోట, ఎవరి పక్షమూ కాని పేరు అది. ఇల్లు కంపెనీది, నేల కంపెనీది. తండ్రి తనంతట తాను ఎంచి ఇవ్వగలిగిన ఆస్తి పేరొక్కటే. నాయనమ్మలు మాత్రం నోరు తిరగక ఇంట్లో మునెమ్మ అనే పిలుచుకున్నారు. అలా ఒక్కో పిల్లకు ఇంటికొకటి, బడికొకటి రెండు పేర్లు అయ్యాయి.

కులం చెప్పకూడదని పెట్టిన పేరు చివరకు కులం కాగితం దగ్గరే అడ్డం తిరిగింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా మొదట హిందువులకే ఉండేది, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవులకు లేదు. నాకు బాగా తెలిసిన ఒక కుటుంబంలో అమ్మాయి పై చదువు కోసం కుల ధ్రువపత్రానికి వెళితే, ఆ కార్యాలయంలో పేరు చూసి, “మీరు కన్వర్టులు కదా” అన్నారు. తండ్రి పాతికేళ్లుగా ఏ గుడికీ, ఏ చర్చికీ వెళ్లనివాడు. దేవుడు లేడని మైకులో చెప్పిన మనిషి, తన కూతురు హిందువేనని రుజువు చేయడానికి ఊరి పెద్దల సంతకాల కోసం తిరిగాడు. నాయనమ్మ పిలిచే పేరునే అసలు పేరని అఫిడవిట్‌లో రాయించుకోండని ఎవరో సలహా ఇచ్చారు. ఆయన ఒప్పుకోలేదు. పత్రం ఆలస్యంగా వచ్చింది, ఒక విద్యాసంవత్సరం పోయింది. పేరు మాత్రం నిలిచింది. ఆ అమ్మాయి తండ్రిని తప్పుపట్టిందా అంటే, పట్టింది. కొన్నాళ్లు మాట్లాడలేదు కూడా. ఇవాళ ఆ పేరుతోనే సంతకం పెడుతోంది. ఎవరు సరి అని నేను తీర్పు చెప్పలేను. తండ్రి ఆదర్శానికి మూల్యం కూతురు చెల్లించిందన్నది నిజం. ఆ మూల్యం అడిగింది తండ్రి కాదన్నది కూడా అంతే నిజం.

1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ రద్దయింది. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. పేరు పెట్టించిన దేశం పోయింది, పేరు పెట్టినవాళ్ల ఉపాధి పోయింది. పేర్లు మిగిలాయి. అసలు రష్యా పేర్లకు పార్టీతో పని లేదని ఇప్పుడు తేలిపోయింది కూడా. ఇటలీ సైనికుడిగా రష్యాకు వెళ్లి వచ్చిన స్తెఫానో మైనో ఆ జ్ఞాపకంతో కూతుళ్లకు అనూష్కా, సోనియా, నాదియా అని పెట్టుకుంటే, వాళ్లలో ఒకరు మన దేశ రాజకీయాల్లో సోనియా గాంధీ అయ్యారు. ఆ అనూష్కా కూడా అన్నా అన్న పేరుకు రష్యన్ ముద్దుపేరే. కర్ణాటకలోనే పుట్టిన ఒక నటి 2005లో ‘సూపర్’ సినిమాతో ఆ పేరు తెలుగు తెర మీదికి తెచ్చాక, మన ఊళ్లలో ఎందరు అనుష్కలో! వాళ్ల తల్లిదండ్రుల్లో చాలామంది అది సంస్కృతం అనుకుంటున్నారు. అనుకోనివ్వండి. ఆ పేరుకు ఎవరూ సర్టిఫికెట్ అడగరు.

అందుకే నాకు ఒక తొందర ఉంది. పేర్ల అర్థం నిఘంటువులో ఎప్పుడైనా దొరుకుతుంది. ఎవరు పెట్టారు, ఏ పుస్తకం చదివి, ఏ సమ్మె నడుస్తుండగా, ఇంట్లో ఎవరు వద్దంటుండగా పెట్టారు అన్నది మాత్రం ఆ ఇంటివాళ్ల నోట్లోనే ఉంది. పెట్టినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. లైన్లు ఖాళీ అవుతున్నాయి. ఈ పత్రిక చదివే మీ ఇంట్లోనో, మీ చుట్టాల్లోనో ఒక స్వెత్లానా, ఒక గలీనా ఉంటే, బెంగళూరులో ఉన్నా, చెన్నైలో ఉన్నా, ఒక ఆదివారం కూర్చోబెట్టి అడగండి. ఏ సంవత్సరం, ఎవరి మాట మీద, ‘త’ రాశారా ‘ట’ రాశారా అని కూడా అడగండి. తెలుగులోనే, నాలుగు వాక్యాల్లో రాసి ఉంచండి. గనిలో ఎన్ని వందల టన్నుల బంగారం తీశారో కంపెనీ లెక్కల్లో ఉంది. ఈ పేర్ల లెక్క మనమే రాసుకోవాలి.